తెర మీద గీతలు పడుతున్న కంప్యూటరు: బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

ఆషాఢం ముసురు వదిలి శ్రావణ ముహూర్తాలు మొదలయ్యే రోజుల్లో, శుభలేఖలూ ఫ్లెక్సీలూ ఒక్కసారిగా మీద పడినప్పుడే, తెర మీద గీతలు కనిపించడం మొదలవుతుంది. పాలకొల్లులో డీటీపీ దుకాణం నడుపుతున్న నాకు ఇది మూడు యంత్రాల మీద మూడు విధాలుగా అనుభవంలోకి వచ్చింది. ఒకసారి అనవసరంగా కొత్తది కొన్నాను. ఒకసారి అనవసరంగా బాగుచేయించాను. మూడోసారి పిల్లల పెన్సిల్ రబ్బరుతో పని జరిగిపోయింది. ఈ మూడింటినుంచి నాకు ఏర్పడిన క్రమమే ఈ మార్గదర్శి.

బాగుచేయించాలా, కొనాలా అన్న ప్రశ్నను మొట్టమొదటే వేసుకోవడం వల్లనే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారని నా అభిప్రాయం. ముందుగా తేలవలసినది పాడైన భాగం ఏది అన్నది. ఆ తరువాత తేలవలసినది, అడిగిన డబ్బుకు ఆ మరమ్మతు మనకు ఎన్ని నెలల పని ఇస్తుంది అన్నది. ఈ రెండూ తెలియకుండా దుకాణం మెట్లెక్కితే నిర్ణయం మనది కాదు, ఎదుటివాడిది అవుతుంది.

మెట్టు 1: ముందు ఫైళ్లు భద్రం చేసుకోండి

గ్రాఫిక్స్, అంటే తెర మీద బొమ్మను తయారుచేసే భాగం, పాడైనంత మాత్రాన హార్డ్ డిస్కుకు ఏమీ కాదు. అయితే పని మధ్యలో యంత్రం పదేపదే ఆగిపోతూ, బలవంతంగా ఆపి మళ్లీ వేయవలసి వస్తూ ఉంటే తెరిచి ఉన్న ఫైళ్లు చెడిపోవచ్చు. కనుక తెర ఎంతో కొంత కనిపిస్తున్నప్పుడే కావలసినవన్నీ బయటి డిస్కులోకి ఎక్కించుకోవాలి. తెర పూర్తిగా నల్లబడిపోయినా, డెస్క్‌టాప్ అయితే డిస్కు విప్పి వేరే యంత్రానికి తగిలించి ఫైళ్లు తీసుకోవచ్చు. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఒక చిక్కు ఉంది: విండోస్ 11 తో వచ్చినవాటిలో డిస్కు చాలాసార్లు సంకేతరూపంలో తాళం వేసి ఉంటుంది, దాన్ని విప్పే రికవరీ కీ అనే సంఖ్య లేనిదే మరో యంత్రంలో తెరుచుకోదు. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది కాబట్టి, యంత్రాన్ని ఎవరి చేతిలోనైనా పెట్టే ముందే దాన్ని ఫోనులో తెరిచి చూసి కాగితం మీద రాసి ఉంచుకోండి.

మెట్టు 2: గీతలు ఎక్కడ పుడుతున్నాయో కనిపెట్టండి

ఈ మెట్టు మీద ఒక సాయంత్రమంతా గడిపినా నష్టం లేదు, ఎందుకంటే మిగిలిన లెక్క మొత్తం దీని మీదనే నిలబడుతుంది. పైసా ఖర్చు లేని పరీక్షలు ఈ వరుసలో చేయండి.

గీతలు కనిపిస్తున్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి, ఆ బొమ్మను ఫోనుకు పంపుకొని చూడండి. ఫోనులో కూడా గీతలు ఉంటే తప్పు మానిటరుది కాదు, కేబులుది కాదు. గ్రాఫిక్స్ చిప్పు, దాని జ్ఞాపకశక్తి, లేదా డ్రైవరు (ఆ చిప్పును విండోస్‌తో కలిపి నడిపించే సాఫ్ట్‌వేరు) అనుమానించవలసినవి. ఫోనులో బొమ్మ శుభ్రంగా ఉంటే చాలావరకు మానిటరు, కేబులు, సాకెట్టు వైపు చూడాలి. చాలావరకు అని ఎందుకు అంటున్నానంటే, గ్రాఫిక్స్ కార్డు (ఆ చిప్పు ఉండే విడి పలక) లోపమే అయినా ఒక్కొక్కప్పుడు స్క్రీన్‌షాట్‌లో చిక్కదు. అందుకే పక్క దుకాణంనుంచి మరో మానిటరూ మరో కేబులూ ఎరువు తెచ్చి తగిలించి నిర్ధారించుకోవాలి. ల్యాప్‌టాప్‌కైతే బయటి మానిటరో, హెచ్‌డీఎంఐ ఉన్న ఇంటి టీవీయో సరిపోతుంది. బయటి తెర మీద బొమ్మ బాగుండి, ల్యాప్‌టాప్ మూతను ముందుకూ వెనక్కూ వంచినప్పుడల్లా గీతలు మారుతూ ఉంటే, మూత మడత దగ్గర నలిగిన డిస్‌ప్లే కేబులు అసలు దోషి. ఇది చిన్న మరమ్మతు. అలాంటి ల్యాప్‌టాప్‌ను బోర్డు పోయిందన్న మాట మీద ఎక్స్ఛేంజికి ఇచ్చేసినవారిని నేను ఎరుగుదును.

తరువాత, యంత్రం ఆన్ చేసిన వెంటనే, విండోస్ మొదలుకాక ముందు వచ్చే బయాస్ తెరను గమనించండి. అక్కడ కూడా చుక్కలూ గళ్లూ రంగు పట్టీలూ ఉంటే డ్రైవరును తిట్టుకొని ప్రయోజనం లేదు, అది వస్తువులోని లోపమే. అక్కడ శుభ్రంగా ఉండి విండోస్‌లోకి వచ్చాకనే చెదురుతూ ఉంటే డ్రైవరుకు ఇంకా అవకాశం ఇవ్వవచ్చు. తెర స్తంభించినప్పుడు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవరు మళ్లీ మొదలవుతుంది. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ పేరు పక్కన పసుపు గుర్తు, తెరిస్తే కోడ్ 43 అని ఉంటే, డ్రైవరును సేఫ్ మోడ్‌లో (విండోస్ కనీస హంగులతో నడిచే తీరులో) పూర్తిగా తీసివేసి కంపెనీ సైటునుంచి కొత్తది వేసి చూడాలి. వేసిన తరువాత కూడా అదే కోడ్ తిరిగి వస్తే చిప్పు మీద ఆశ తగ్గించుకోవలసిందే. ఇంకా సందేహం ఉంటే విండోస్‌కు బదులుగా వాడే ఉచిత వ్యవస్థ ఉబుంటును పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, డిస్కును ముట్టుకోకుండా దానినుంచే యంత్రాన్ని నడిపి చూడండి. విండోస్‌లోనూ అక్కడా ఒకే తీరు గీతలు వస్తే ఇక సాఫ్ట్‌వేరు మాట వదిలేయవచ్చు.

మెట్టు 3: మన గాలినీ మన కరెంటునూ లెక్కలోకి తీసుకోండి

కంప్యూటరు పుస్తకాలు ఎక్కడో పొడి గాలిలో కూర్చొని రాసినవి. గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయల మధ్య, చుట్టూ వరిచేలూ చెరువులూ కాలవలూ ఉన్న ఊళ్లలో, అందులోనూ అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు సముద్రపు గాలి తగిలే చోట్ల, యంత్రం లోపల చేరిన దుమ్ము పొడిగా ఉండదు. ఉప్పు కలిసిన దుమ్ము గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ పీల్చుకున్న దుమ్ము కొద్దిగా కరెంటును కూడా పారనిస్తుంది. ర్యామ్ (పని నడుస్తున్నప్పుడు యంత్రం వాడుకునే జ్ఞాపకశక్తి పలక) కాళ్ల మీద, కార్డు కాళ్ల మీద సన్నటి పొర పేరుకొని స్పర్శ చెడుతుంది. అందుకే మన ప్రాంతంలో వాన రోజుల్లో వచ్చే డిస్‌ప్లే తగాదాల్లో మొదట అనుమానించవలసినది కాలిపోయిన చిప్పును కాదు, మకిలి పట్టిన కాళ్లను.

విద్యుత్ తీగ విప్పి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టి మిగిలిన కరెంటు పోనివ్వండి. కేబినెట్ ఇనుప చట్రాన్ని ఒకసారి తాకి చేతిలోని స్థిర విద్యుత్తును వదిలించుకొని, ర్యామ్‌నూ గ్రాఫిక్స్ కార్డునూ తీయండి. బంగారు రంగు కాళ్లను మెత్తటి పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, రబ్బరు పొట్టు మొత్తం పొడి బ్రష్షుతో దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక తిరిగి గట్టిగా కూర్చోబెట్టండి. విడి కార్డు లేని యంత్రాలకు ర్యామ్ శుభ్రత మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడ గ్రాఫిక్స్‌కు సొంత జ్ఞాపకశక్తి ఉండదు, మామూలు ర్యామ్‌లోనే కొంత వాడుకుంటుంది. ర్యామ్ చెడితే తెర చెదరడం సహజం. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కటిగా మార్చి వేసి చూడండి. నా మూడో యంత్రం ఇక్కడే బాగుపడింది.

రెండో అనుమానితుడు ఎస్ఎంపీఎస్, అంటే గోడ కరెంటును మార్చి యంత్రం భాగాలకు అందించే పెట్టె. సాయంత్రం వోల్టేజి పడిపోయే ఊళ్లలో, ఎర్తింగ్ సరిగా లేని పాత ఇళ్లలో, కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్ఎంపీఎస్ త్వరగా నీరసిస్తుంది. దాని లక్షణం వేరుగా ఉంటుంది: టైపు చేస్తున్నంతసేపూ ఏమీ కాదు, ఫోటోషాప్‌లో పెద్ద ఆల్బమ్ పేజీ తెరిచినప్పుడో ఆట మొదలుపెట్టినప్పుడో తెర ఒక్కసారిగా నల్లబడుతుంది, లేదా యంత్రమే మళ్లీ మొదలవుతుంది. మంచి ఎస్ఎంపీఎస్ ఒకటి ఎరువు తెచ్చి ఒక పూట నడిపితే నిజం తేలిపోతుంది.

మూడోది వేడి. రోహిణి కార్తెలో రాజమహేంద్రవరంలో బయటి ఎండే 40 డిగ్రీలు దాటుతుంది. ఆ గాలినే పీల్చుకునే ఫ్యాను, పైగా వేడిని బయటికి పంపే థర్మల్ పేస్టు ఎండిపోయిన చిప్పు ఏ స్థితిలో ఉంటాయో ఊహించవచ్చు. ఉష్ణోగ్రత చూపే ఉచిత ప్రోగ్రాము వేసి, పని చేస్తున్నప్పుడు గ్రాఫిక్స్ చిప్పు 90 డిగ్రీల వైపు పోతూ ఉంటే, ఫ్యాను శుభ్రం చేయించి థర్మల్ పేస్టు మార్పించండి. అప్పటికే చుక్కలు వేస్తున్న కార్డును మాత్రం పరీక్ష పేరుతో గంటల తరబడి పూర్తి భారం మీద నడపకండి, ఉన్న కాస్త ప్రాణం పోతుంది.

వరద నీరు తగిలిన యంత్రం మాట వేరు. 2022 జూలై వరదల్లో లంక గ్రామాల్లో మునిగిన ఇళ్లలాంటి చోట్ల, తడిసినదాన్ని ఆరిందనుకొని ఆన్ చేయడమే అసలు నష్టం; ఒండ్రు కడిగి, పూర్తిగా ఆరబెట్టి, తెలిసినవారు చూసేదాకా ప్లగ్గు పెట్టకూడదు.

మెట్టు 4: గ్రాఫిక్స్ విడి కార్డా, బోర్డులోదా?

ఇక్కడినుంచి దారులు చీలుతాయి. డెస్క్‌టాప్‌లో విడి కార్డు ఉండి, లోపం ఆ కార్డుదే అని తేలితే, యంత్రం మొత్తం మార్చవలసిన అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు. పైగా, ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ కలిసి ఉన్నట్లయితే కార్డు తీసివేసి, మానిటరు కేబులును మదర్‌బోర్డు సాకెట్టుకు పెట్టుకొని ఆ రోజుకు పని నడిపించవచ్చు. కార్డు ఉన్నంతసేపూ చాలా బోర్డులు ఆ సాకెట్టును మూసి ఉంచుతాయి కాబట్టి కార్డు తీయడం తప్పనిసరి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే దానిలో గ్రాఫిక్స్ ఉండదు. ఏఎండీ రైజెన్‌లో 5000 వరుస దాకా డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు పేరు చివర జీ ఉంటేనే సాధారణంగా గ్రాఫిక్స్ ఉంటుంది. 7000 వరుసలో ఎఫ్ అక్షరం లేనివాటికి చిన్నపాటి గ్రాఫిక్స్ వచ్చింది. లెటర్‌హెడ్లూ బిల్లు పుస్తకాలూ దరఖాస్తులూ చేసుకునే దుకాణానికి ఆ లోపలి గ్రాఫిక్సే చాలు. నా రెండో యంత్రానికి కార్డు అక్కరలేదని తెలిసింది డబ్బు పోయిన తరువాతనే.

ల్యాప్‌టాప్‌లో చిప్పు బోర్డుకు అతికి ఉంటుంది. రెండు రకాల గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే, డివైస్ మేనేజర్‌లో పాడైన విడి చిప్పును డిసేబుల్ చేసి, ప్రాసెసర్‌లోనిదానితో నడుస్తుందేమో చూడండి. వేగం తగ్గుతుంది, చదువుకునే పిల్లవాడికి మాత్రం ఒక సంవత్సరం గడిచిపోవచ్చు. ఒకటే చిప్పు ఉండి, అదే పోతే మిగిలేవి మూడు దారులు: చిప్పు మార్పించడం, బోర్డు మార్పించడం, కొత్తది కొనడం.

మెట్టు 5: చిప్పుకు వేడి పెడతామంటే ఒప్పుకోకండి

"ఆయ్, బోర్డు బానే ఉందండి, చిప్పుకి కాస్త వేడి పెడితే డిస్‌ప్లే వచ్చేస్తుందండి" అన్న మాట నేను ఒక దుకాణంలో విన్నాను, నమ్మాను, డబ్బు కట్టాను. డిస్‌ప్లే వచ్చింది. మూడు వారాలకు పోయింది. మళ్లీ కట్టాను, ఈసారి పదకొండు రోజులు.

ఇందులో మాయ ఏమీ లేదు. గ్రాఫిక్స్ చిప్పు అని మనం చూసే నల్లటి పలక లోపల, అసలు సిలికాన్ ముక్క కింద కంటికి ఆనని చిన్న బుడిపెల ద్వారా దాని పీటకు అతికి ఉంటుంది; ఆ పీట కింద కాస్త పెద్ద గుళ్లతో బోర్డుకు అతికి ఉంటుంది. రోజూ వేడెక్కి చల్లారడం వల్ల, లోపలి బుడిపెల్లో సన్నటి పగుళ్లు పుడతాయి. వేడి పెట్టినప్పుడు లోహం వ్యాకోచించి పగులు అంచులు తాత్కాలికంగా తగులుకుంటాయి, అంతే. పగులు అక్కడే ఉంటుంది. 2008 జూలైలో ఎన్‌విడియా సంస్థ తన ల్యాప్‌టాప్ చిప్పుల్లో కొన్నింటికి వచ్చిన ఇలాంటి బలహీనత కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయిస్తున్నట్టు ప్రకటించింది. 2011 నుంచి 2013 వరకు అమ్మిన కొన్ని మ్యాక్‌బుక్ ప్రో యంత్రాలకు, తెర చెదిరే లోపం వల్ల యాపిల్ 2015లో ఉచిత మరమ్మతు పథకం పెట్టింది. తయారుచేసినవారే డబ్బు పెట్టుకోవలసి వచ్చిన లోపాన్ని హీట్ గన్ నయం చేస్తుందని నమ్మడం మన అమాయకత్వమే.

రీబాలింగ్ దీనికంటే పెద్ద పని. చిప్పును పూర్తిగా పెకలించి, అడుగు గుళ్లు తీసి కొత్తవి వేసి తిరిగి అతికిస్తారు. సీసం లేని సోల్డరు 217 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పాతకాలపు సీసపు సోల్డరు 183 డిగ్రీల దగ్గర కరుగుతాయి కాబట్టి, ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే యంత్రం లేకుండా చేస్తే బోర్డు వంకర తిరుగుతుంది. లోపం బయటి గుళ్లలో ఉంటేనే రీబాలింగ్ ఉపయోగం. లోపలి బుడిపెల్లో ఉంటే అదే చిప్పుకు కొత్త గుళ్లు వేయడం వృథా. కాబట్టి అడగవలసిన ప్రశ్న ఒక్కటే: పాత చిప్పునే మళ్లీ అతికిస్తారా, వేరే చిప్పు వేస్తారా? వేరేది అయితే అది కొత్తదా, మరో బోర్డునుంచి ఊడదీసినదా అని కూడా అడగండి. ఎన్ని నెలల గ్యారంటీ ఇస్తారో బిల్లు మీద రాయించుకోండి. నోటి మాటగా ఆరు నెలలని చెప్పి, రాయమంటే పదిహేను రోజులకు దిగే చోట రెండో సంఖ్యనే నిజమైనదిగా లెక్కించాలి.

యంత్రాన్ని అప్పగించే ముందు ర్యామ్, డిస్కు, ఛార్జరు మీది సీరియల్ నంబర్లను ఫోనుతో ఫోటో తీసుకోవడం అనుమానం కాదు, అలవాటు. కంపెనీ వారంటీ ఇంకా ఉంటే విప్పనే వద్దు, నేరుగా అధీకృత సర్వీసు కేంద్రానికే వెళ్లాలి. వారు తగాదా పెడితే 1915 అన్న జాతీయ వినియోగదారుల సహాయ నంబరు ఉంది.

మెట్టు 6: నెలల లెక్క వేయండి

ఇప్పుడు కాగితం తీసుకోండి. మరమ్మతుకు అడిగిన డబ్బును, అది నమ్మకంగా నడుస్తుందనుకునే నెలలతో భాగించండి. కొత్త యంత్రం ధరలోనుంచి పాతదాన్ని అమ్మితే వచ్చేది తీసివేసి, కొత్తది నడిచే నెలలతో భాగించండి. ఉదాహరణకు, రీబాలింగ్‌కు 6,000 అడిగి, మూడు నెలల గ్యారంటీ రాసిచ్చారనుకుందాం. మనం ఉదారంగా ఆరు నెలలు అనుకున్నా నెలకు 1,000 పడింది. 36,000 పెట్టి కొన్న కొత్తది అయిదేళ్లు, అంటే 60 నెలలు నడిస్తే నెలకు 600. చేతినుంచి ఇప్పుడు పోయే మొత్తం చిన్నదిగా కనిపించినా, ఆ మరమ్మతే ఖరీదైనది. అదే, డిస్‌ప్లే కేబులుకు 2,000 పెట్టి రెండేళ్లు నడుస్తుందనుకుంటే నెలకు 85 కూడా పడలేదు, కొత్తదాని ఊసెత్తనక్కరలేదు.

ఈ లెక్కకు రెండు సవరణలు ఉన్నాయి. పెళ్లిళ్ల రోజుల్లో యంత్రం వారం పాటు దుకాణంలో పడి ఉంటే పోయే గిరాకీ మరమ్మతు ఖర్చులో కలపాలి. అలాగే యంత్రానికి గ్రాఫిక్స్ సంగతి అటుంచి మిగిలిన ఆయువు ఎంత అన్నది చూడాలి. విండోస్ 10 కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 కు అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం, లేదా రైజెన్ 2000 వరుస, అంతకు పైబడిన ప్రాసెసర్లే సరిపోతాయి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. అంతకంటే పాతదాని బోర్డు మీద పెట్టే ప్రతి రూపాయీ తక్కువ నెలలకే పనికివస్తుంది, ముఖ్యంగా బ్యాంకు పనులు ఆ యంత్రం మీదే చేసేవారికి.

కొత్తదాని వైపు కూడా దాగిన ఖర్చు ఉంది. డీటీపీవారికి ఇది బాగా తెలుసు: పేజీలు కూర్చే పాత ప్రోగ్రాము పేజ్‌మేకరులో, అను అనే తెలుగు ఫాంట్లతో ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లు కొత్త విండోస్‌లో సవ్యంగా తెరుచుకుంటాయో లేదో ముందు పరీక్షించుకోవాలి. పేజ్‌మేకరు చివరి ప్రధాన వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. పాత ప్రింటరుకు కొత్త డ్రైవరు దొరుకుతుందో లేదో కూడా కొనకముందే చూడాలి.

జీఎస్టీ నమోదు ఉండి మామూలు పద్ధతిలో పన్ను కట్టే దుకాణదారులు కంప్యూటరు మీద పడే 18 శాతాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాము కట్టవలసిన పన్నులోనుంచి తగ్గింపుగా, తీసుకోవచ్చు. అమ్మకాల మీద కొద్ది శాతం మాత్రమే కట్టే కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవారికి ఆ వీలు లేదు. ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటరుకు ఏటా 40 శాతం తరుగుదల ఉంది, అయితే ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకంటే తక్కువ వాడితే సగమే ఇస్తారు. ఎలాగూ కొనాలని తేలితే దసరా దాకా లాగాలా, సెప్టెంబరులోనే కొనాలా అన్నది మీ ఆడిటరును అడగదగిన ప్రశ్న.

మెట్టు 7: కార్డు మాత్రమే మారుస్తుంటే

మదర్‌బోర్డు స్లాటు కార్డుకు 75 వాట్లవరకే ఇవ్వగలదు. అంతకంటే ఎక్కువ తాగే కార్డుకు ఎస్ఎంపీఎస్‌నుంచి వేరే తీగ కావాలి, పాత ఎస్ఎంపీఎస్‌లలో ఆ తీగే ఉండదు. జీటీ 1030 లాంటి 30 వాట్ల కార్డు దాదాపు ఏ యంత్రంలోనైనా ఇమిడిపోతుంది. మీ మానిటరు పాత నీలం రంగు వీజీఏ పిన్నుదైతే, కొత్త కార్డుల్లో ఆ సాకెట్టు ఉండదు కాబట్టి కన్వర్టరు ఖర్చు కలుపుకోండి. సన్నటి కేబినెట్ అయితే కార్డు ఎత్తు కొలిచి మరీ కొనాలి.

సెకండ్‌హ్యాండ్ కార్డు చవకగా వస్తుందంటే, అది ఎక్కడ పని చేసి వచ్చిందో ఆలోచించండి. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే డిజిటల్ నాణేల వ్యవస్థ తన పద్ధతి మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో ఆ నాణేన్ని తవ్వే వ్యాపారం ఆగిపోయి, పగలూ రాత్రీ నడిచిన కార్డులు పాత సరుకుగా బజారుకు వచ్చాయి. అన్నీ చెడ్డవి కావు. అయినా మీ ఎదుట, మీ పని ఫైలు తెరిచి, అరగంట నడిపి చూపిస్తేనే డబ్బు ఇవ్వండి. కాళ్ల మీద పచ్చటి తుప్పు ఉంటే తిరిగి ఇచ్చేయండి.

మెట్టు 8: పాతదాన్ని పంపించడం

కొత్తదే కొన్నారనుకోండి. పాత యంత్రంలోని డిస్కును తీసి బయటి పెట్టెలో బిగించుకుంటే నిల్వకు పనికివస్తుంది. ర్యామ్, ఎస్ఎంపీఎస్, కేబినెట్ విడివిడిగా అమ్ముడుపోతాయి. డిస్కుతో సహా ఇచ్చేస్తుంటే, ఖాతాదారుల ఆధార్ నకళ్లూ ఫోటోలూ ఉన్న డిస్కును డిలీట్ కొట్టి ఊరుకోకుండా పూర్తిగా తుడిపించాలి. మిగిలిన బోర్డును పాత ఇనుప సామాన్ల బండికి వేయకండి. రాగి కోసం దాన్ని కాలవగట్టున తగలబెడతారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల కింద పాత సరుకు రీసైక్లింగ్ బాధ్యత తయారీ సంస్థలదే కాబట్టి, కొత్తది కొన్న చోటే పాతది తీసుకుంటారేమో బేరం కుదరక ముందే అడగండి, బిల్లు కట్టేశాక అడిగితే ఎవరూ పలకరు.